జూసినవా, ఇన్నవా?

మేడం పోయారన్న కబురు చేరేసరికి నేను కరీంనగర్‌లో మా కాలేజీ స్టాఫ్ రూంలో కూర్చుని మిర్చి బజ్జీ తింటున్నాను. నోరు మండుతుండగా ఫోన్ చూశాను. "మేడం బిడ్డలు" అని మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో మల్లేశం ఆమె ఫొటో పెట్టాడు. ఫొటోకి అటొక దీపం, ఇటొక దీపం, పైన ఎగిరిపోతున్న పావురం, కింద "మీ ఆత్మకు శాంతి చేకూరాలి". దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. మస్కట్‌లో ఉన్నవాడు పెట్టాడు, నిర్మల్‌లో ఉన్నామె పెట్టింది. నేను ముందు మంచినీళ్లు తాగి, తర్వాత ఏడ్చాను. పక్కవాళ్లు మిర్చి మంట అనుకున్నారు. సగం అదే.

మేడం మా పీహెచ్‌డీ గైడు. పరిశోధన ఎట్లా రాయాలో మాకు నేర్పిన మనిషి. నేర్పడం అనేది మర్యాద మాట, ఉతికి ఆరేసేవారు. పేరు చెప్పను. మా మందిలో మేడం అంటే ఒక్కరే. ఆమెను పేరు పెట్టి పిలిచిన మనిషిని నేను చూడలేదు, ఉన్నారని విన్నాను.

కబురు ప్రిన్సిపల్ సారు దాకా పోయింది. ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "సాయంత్రం సంతాప సభ పెడదాం. ఆమె స్టూడెంటువు నువ్వే గదా, నాలుగు మంచి ముక్కలు రాసి సదువు" అని, మిగిలిన బజ్జీ ఆయన తినేసి వెళ్లిపోయారు.

నాలుగు ముక్కలే కదా అని తెల్లకాగితం తీసి గబగబా మూడు రాసేశాను. "మన ప్రియతమ మేడం మన మధ్య లేరు. ఆమె గొప్ప పరిశోధకురాలు. ఎందరో విద్యార్థుల జీవితాల్లో వెలుగు నింపారు." నాలుగోది మొదలుపెట్టబోతుంటే కుడి చెవి పక్కన గొంతు వినిపించింది. దయ్యం కాదు, అలవాటు.

"జూసినవా, ఇన్నవా?"

మేడం దగ్గర చదివిన వాళ్లకు ఈ ప్రశ్న చెవిలో పోగులాంటిది. తీస్తే రాదు. మేం రాసిన ప్రతి వాక్యం మీద పెన్సిల్ మొన ఆనించి ఈ మాట అడిగేవారు. చూశాను అంటే ఎక్కడ, ఎప్పుడు, పక్కన ఎవరున్నారు. విన్నాను అంటే ఎవరు చెప్పారు, ఏ పుస్తకం, ఏ పేజీ. రెండూ కాదంటే కళ్లజోడు పైనుంచి చూసి, "మరి నీ కడుపులకెళ్లి అచ్చిందా?" అనేవారు. చూసిన వాక్యం పక్కన "జూ" అని, విన్న వాక్యం పక్కన "ఇ" అని చిన్నగా రాసేవారు. ఈ రెండు కాక ఇంకో గుర్తు కూడా ఉండేది. ఆమె పుట్టింది ఆదిలాబాద్ దిక్కు, మహారాష్ట్రకు కూతవేటు దూరం. విసుగొస్తే మరాఠీ మాటొకటి దొర్లేది, కశాలా అని. దేనికి, ఎందుకోసం అని దానర్థం. తప్పు లేదు గానీ అక్కర కూడా లేని పేరా పక్కన "క" పడేది. నా మొదటి చాప్టర్ తిరిగొచ్చినప్పుడు పేజీ అంచు నిండా క, క, క, కాకి అరిచినట్టు. ఇంటికి చుట్టాలొస్తారేమోనని మా అవ్వ బియ్యం నానబెట్టింది.

నేను తీసుకున్న సబ్జెక్టు గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లల్లో నిర్ణయాలు ఎవరు చేస్తారు అని. దానికి నేను రాసుకున్న మొట్టమొదటి వాక్యం ఇప్పటికీ నోటికొచ్చు. "అనాది కాలం నుండి మానవుడు వలసలు పోతూనే ఉన్నాడు."

"అనాది కాలంల నువ్వున్నవా బిడ్డా?" అన్నారు మేడం.

"లేను మేడం."

"మరెవరు జెప్పిండ్రు?"

"అందరు గట్లనే రాస్తరు మేడం."

"అందరంటె ఎవరు? పేర్లు రాస్కోని సంతకాలు దీస్కరా."

గొప్ప అన్న మాటంటే ఆమెకు ఒళ్లుమంట. "గొప్ప అంటె ఎంత? సోలెడా, మానెడా?" అని అడిగేవారు. ఎందరో అంటే వేళ్లు చాపి లెక్కపెట్టమనేవారు. కాబట్టి నా కాగితం మీద రెండో ముక్క, మూడో ముక్క అక్కడికక్కడే పోయాయి. కొట్టేసి తల పట్టుకున్నాను.

అసలు ఈ ప్రశ్న అంటురోగం. కాలేజీలో నేర్చుకుంటే కాలేజీలోనే ఉండదు, ఇంటికొస్తుంది. హుజూరాబాద్‌లో ఒకనాడు మా అవ్వ అన్నం పెడుతూ, "సుక్కవ్వ కొడుకు దుబాయిల ఇంకో పెండ్లి జేసుకున్నడట" అంది. నా నోరు నా మాట వినలేదు. "నువ్వు జూసినవా అవ్వా, ఇన్నవా?" అన్నాను. "జూసెతందుకు నేను ఇమానమెక్కి పోవాల్నా? నోరు మూసుకోని తిను" అని గరిటె చూపించింది. నాకు పిల్లను చూడబోయినప్పుడు ఇంకా ఘోరం జరిగింది. పిల్ల మేనమామ మీసం దువ్వుకుంటూ, "మా పిల్ల వంట మస్తు జేస్తది" అన్నాడు. "మీరు తిన్నరా, ఇన్నరా?" అని అడిగేశాను. మా బాపు నా తొడ గిల్లాడు. మేనమామ మీసం మీద చెయ్యి అక్కడే ఆగింది. లోపలి గదిలోంచి పకపకా నవ్వు వినిపించింది. ఆ నవ్విన పిల్లే ఇప్పుడు మా ఇంట్లో ఉంది. వంట సంగతి నేను చూశాను, పక్కన "జూ" పెట్టలేదు.

ఇప్పుడు పిల్లలకు పాఠం చెప్పే కుర్చీలోకి నేనొచ్చాను. మొన్న ఒకడు ఫోన్‌ను అడిగి రాయించుకున్న వ్యాసం తెచ్చాడు. చివర పుస్తకాల పట్టీ మెరిసిపోతోంది.

"గీ పుస్తకం జూసినవా?" అన్నాను.

"లేదు సార్."

"మరెవరు జెప్పిండ్రు?"

"ఫోను సార్."

"దానికెవరు జెప్పిండ్రు?"

వాడు ఫోన్ వైపు చూశాడు. ఫోన్ ఏమీ అనలేదు. వెతికితే ఆ పుస్తకం లోకంలో ఎక్కడా లేదు, రాసినాయన అసలు పుట్టనే లేదు. మేడం ఉంటే ఎంత సంబరపడేవారో అనుకున్నాను మొన్న. ఉంటే అని ఎందుకు అనుకున్నాను, అప్పటికి ఉన్నారు కదా అని ఇప్పుడు మళ్లీ కళ్లు చెమర్చాయి.

మేడం మంథని నుంచి పెద్దపల్లి మీదుగా కరీంనగర్‌కు రోజూ బస్సులో వచ్చేవారు. నల్లగా పొట్టిగా ఉండేవారు, పెద్ద కొప్పు, చేతిలో మా కాగితాల సంచి. మా చాప్టర్లన్నీ దిద్దింది పెద్దపల్లి బస్సులోనే. ఆమె దిద్దిన కాగితం చూసి రోడ్డు ఎక్కడ బాగాలేదో చెప్పొచ్చు, గుంత వచ్చిన చోటల్లా గీత వంకరపోయేది. దిద్దడంతో ఊరుకునేవారు కాదు. పక్క సీట్లో ఎవరు కూర్చుంటే వాళ్లకు ఆ చాప్టర్ చెప్పేవారు. యూరియా బస్తా కాళ్ల కింద పెట్టుకున్న రైతైనా, బిడ్డ కాన్పుకు పోతున్న తల్లైనా ఆమెకు ఒకటే. ఆ మనిషి కాసేపయ్యాక "మరి అటెన్క?" అని, అంటే తర్వాతేమైందని అడగాలి. అడిగితే చాప్టర్ పాసైనట్టు. కిటికీ బయటికి చూస్తే మళ్లీ రాయాలి. నిద్రపోతే మొదటి నుంచి రాయాలి. నా రెండో చాప్టర్ విన్నాయన నిద్రపోవడమే కాదు, సుల్తానాబాద్‌లో దిగాల్సినవాడు మంథనిలో లేచాడట. "ఆయన తిరుగు టికెట్టు నువ్వే పెట్టుకోవాలె బిడ్డా" అన్నారు మర్నాడు.

ఇక మల్లేశం సంగతి. ఫొటోకి పావురం అంటించిన ఈ మల్లేశం నా తోటివాడు, ఇప్పుడు హుజూరాబాద్‌లో లెక్చరర్. మంచివాడు, కాకపోతే ఎక్కడ ఏది కనబడితే అది ఎత్తి ఇంకోచోట పెడతాడు. మంథని చుట్టుపక్కల వరి రైతుల అప్పుల మీద వాడి పరిశోధన. చాప్టర్ గడువు దాటుతోంది. ఎవరో ఎక్కడో రాసిన థీసిస్‌లోంచి ఒక ముక్క ఎత్తి, ఊరి పేరు తీసి మంథని అని పెట్టాడు. మేడం అది చదువుతూ చదువుతూ ఆగిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"మల్లేశం, మంథనికి సముద్రమెప్పుడచ్చింది?"

వాడికి అర్థం కాలేదు.

"తుఫాన్లు అచ్చినప్పుడు వలలు కొట్టుకపోయి రైతులు అప్పులపాలైతుండ్రని రాసినవ్. కొబ్బరితోటలు పడిపోయినయని రాసినవ్. నేను రోజు ఆడికెళ్లే అస్తున్న గదా. నాకెవ్వలు జెప్పలే."

మేం నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి దూరాం. ఆమె మాత్రం నవ్వలేదు. అప్పటికప్పుడు వాణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కి మంథని తీసుకెళ్లి, గోదావరి ఒడ్డున నిలబెట్టి, "ఎటు దిక్కున్నది సముద్రం, జూపియ్యి" అన్నారట. వాడు పొద్దుగూకే దాకా అక్కడే నిలబడి, పడవ దిగి ఇళ్లకు పోయే రైతులను ఆపి అప్పుల గురించి అడిగి, వాళ్లు చెప్పింది రాసుకున్నాడు. ఆ చాప్టర్ మొదటిసారికే పాసైంది. అప్పటి నుంచి వాడు సముద్రం మల్లేశం.

యూనివర్సిటీలో వైవా ఉంటుంది కదా, బయటి నుంచి పెద్ద ప్రొఫెసరు వచ్చి ప్రశ్నలడిగేది. మేడం దగ్గర దానికి ముందు ఇంకొకటి ఉండేది. దాన్ని మేం వాకిలి వైవా అనేవాళ్లం. మంథనిలో ఆమె ఇంటి వాకిట్లో, వేపచెట్టు నీడలో, వాడకట్టు వాళ్లందరి ముందు నిలబడి నువ్వు చేసిన పరిశోధన చెప్పాలి. వాళ్లకు సమజైతేనే మేడం సంతకం. వచ్చినవాళ్లందరి ఫోన్లూ తీసుకుని ఇత్తడి గుండిగలో వేసి మూత పెట్టేవారు, మేడం ఫోనుతో సహా. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం, ఏది మొదలుపెట్టినా ముందొక చిన్న ప్రార్థన. ఏ దేవుడికి మొక్కేవాళ్లైనా అందరూ లేచి తలలు వంచేవాళ్లు. నేనైతే అక్కడ ముగ్గురు నలుగురు దేవుళ్లకు కలిపి మొక్కాను.

నా వంతు వచ్చిననాడు గొంతు సవరించుకుని, "భర్త విదేశంలో ఉన్న కుటుంబాల్లో స్త్రీల నిర్ణయాధికారం గణనీయంగా పెరిగింది" అన్నాను.

పక్కింటి లచ్చవ్వ చెయ్యెత్తింది. "గణనీయంగ అంటె?"

"మస్తుగ అవ్వా."

"నా పెనిమిటి మస్కట్ల ఉన్నప్పుడు బర్రెను అమ్ముదమంటె ఫోన్ జేసి అడిగిన. నాకేడ పెరిగింది అధికారం?"

నేను నోరు తెరిచేలోపు లచ్చవ్వ తోడికోడలు లేచింది. "నువ్వడిగినవ్ గని నేనడగలే. బర్రెనమ్మి బోరేయించిన. గాయన అచ్చినంక నీళ్లు దాగి, మంచిగున్నయి అన్నడు."

"గా బర్రె నీదా? అత్తది."

"అత్త నాకిచ్చింది."

"ఎప్పుడిచ్చింది? ఎవరు జూసిండ్రు?"

అంతే. వాకిలి రెండుగా చీలింది. అడిగి అమ్మినవాళ్లు ఒకవైపు, అడగకుండా అమ్మినవాళ్లు ఒకవైపు. మధ్యలో నేను నా గణనీయాన్ని పట్టుకుని నిలబడ్డాను. మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో ఊగిపోతూ, "రాస్కో బిడ్డా, రాస్కో" అంటున్నారు. ఆ అధికారం అత్త ఉన్న ఇంట్లో ఒకలా, వేరుపడిన ఇంట్లో ఒకలా ఉందన్న సంగతి ఆ కొట్లాటలోనే బయటపడింది. దాన్ని పట్టుకుని మళ్లీ ఊళ్లు తిరిగి ఐదో చాప్టర్ రాశాను. యూనివర్సిటీ వైవాలో పెద్ద ప్రొఫెసరు దాని గురించి తప్ప ఇంకేమీ అడగలేదు. కాగితం మీద దాని పేరు వేరే, మా గ్రూపులో బర్రె చాప్టర్.

ఇవన్నీ తలుచుకుని నాలుగో ముక్క రాశాను. రాసి, పైనుంచి మళ్లీ చదివాను. మన మధ్య లేరు. పెన్సిల్ మొన ఆ వాక్యం మీద దానంతటదే ఆగింది.

జూసినవా, ఇన్నవా?

ఇన్న.

ఎవరు జెప్పిండ్రు?

సముద్రం మల్లేశం.

నేను కుర్చీలోంచి ఎంత గట్టిగా లేచానంటే ఇంకులేని స్టాంపు ప్యాడు ఎగిరి కింద పడింది. మేడంకి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మల్లేశానికి చేశాను.

"నీకెవరు జెప్పిండ్రురా?"

"మా బామ్మర్ది జెప్పిండు."

"వాడు జూసిండా, ఇన్నడా?"

వాడూ ఆమె దగ్గర చదివినవాడే కదా. చిన్న గొంతుతో, "అరె, అడుగుడు మరిసిపోయిన" అన్నాడు. బామ్మర్ది నంబరు తీసుకున్నాను. లోపల ఆశ గంతులేస్తోంది. ఈ బామ్మర్ది ఇంకెవరి దగ్గరో విని ఉంటాడు, వాడు ఇంకొకడి దగ్గర, అట్లా పోతే చివర ఎవరూ ఉండరు, పుట్టని రచయిత లాగ.

"నా కండ్లతోని జూసిన అన్నా" అన్నాడు బామ్మర్ది. "పొద్దుగాల మంథనిల పెద్దపల్లి బస్సెక్కిన. మేడం ఇంటి ముంగట టెంటేసిండ్రు. కుర్చీలేసిండ్రు. మంది లేసి తలకాయలు దించుకోని నిలవడ్డరు. ఆడోళ్లు కొంగుతోని కండ్లు తుడుసుకుంటుండ్రు. ఇంకేం గావాలె?"

ఇంకేం కావాలి. మా దిక్కు పెళ్లిళ్లు లేని రోజుల్లో వాకిట్లో టెంటుంటే, మంది తలలు దించుకుంటే ఒకటే అర్థం. వాడు చూశాడు. ఆ వాక్యం పక్కన "జూ" పడిపోయింది. మేడం పద్ధతే మేడంని తీసుకుపోయిందనిపించింది. ఈసారి బజ్జీ లేకుండానే ఏడ్చాను.

సభ రేపు పెట్టుకోమని ప్రిన్సిపల్ సారుకి చెప్పి, కాగితం జేబులో పెట్టుకుని, బస్టాండులో బంతిపూల దండ కొనుక్కుని బస్సెక్కాను. పక్కసీటు పెద్దమనిషి దండ వైపు చూశాడు.

"ఎవలకు బిడ్డా?"

"మా మేడంకు. సదువు జెప్పింది."

ఆయన అయ్యో అన్నాడు. దుఃఖంలో మనిషి ఎవరితో ఒకరితో మాట్లాడతాడు కదా, నేను మొదలుపెట్టాను. సముద్రం మల్లేశం దగ్గర ఆయన నవ్వి, సావుకు పోతున్నవాడి పక్కన నవ్వినందుకు నాలుక కరుచుకుని, మళ్లీ నవ్వాడు. "మరి అటెన్క?" అన్నాడు. మేనమామ మీసం చెప్పాను. "అటెన్క?" లచ్చవ్వ బర్రె దాకా వచ్చేసరికి పెద్దపల్లి వచ్చింది. ఆయన దిగాలి. లేచి, మెట్టు దాకా పోయి, వెనక్కి తిరిగాడు. కండక్టరు అరుస్తున్నాడు. "జల్ది జెప్పు, బర్రె ఎవలదన్నరు ఆఖరికి?" అన్నాడు. అత్తదేనని చెప్పాను. తృప్తిగా దిగిపోయాడు. నా చాప్టర్ పాసైంది, చెప్పుకోవడానికి మనిషి లేదు అనుకుంటూ మిగతా దారంతా దండ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మంథనిలో దిగి చూస్తే గుర్తుపట్టలేకపోయాను. రోడ్డు వెడల్పు చేశారు. వేపచెట్టు లేదు. బస్సులు మేడం గేటును రాసుకుని పోతున్నాయి. చెట్టున్న చోట బామ్మర్ది చెప్పినట్టే టెంటు ఉంది. కుర్చీలున్నాయి. మందీ ఉన్నారు. గేటు దాటాను. అరుగు మీద ఏదో వింతగా మూలుగుతోంది. చూస్తే ఇత్తడి గుండిగ. లోపల ఫోన్లు మోగి మోగి మూత దరువేస్తోంది. దాని పక్కన ఆడవాళ్లు పెద్ద పళ్లెంలో ఉల్లిగడ్డలు కోస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. పొయ్యి మీద బగార అన్నం ఉడుకుతోంది. ముందర తెల్ల చుడీదార్‌లో ఒక పిల్ల కాగితాలు పట్టుకుని నిలబడింది. ఆ పిల్లకెదురుగా, నాకు వీపు చేసి, ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్ద కొప్పు. కొప్పులో పెన్సిల్.

కొప్పు వెనక్కి తిరిగింది.

"దండెవలకు బిడ్డా?" అన్నారు మేడం.

టెంటు కింద ఉన్నవాళ్లంతా నన్నూ దండనూ చూస్తున్నారు. ఏం చెయ్యాలో తెలియక నేరుగా నడిచి వెళ్లి ఆ పిల్ల మెడలో వేశాను.

"ఇంక పాస్ గాలే సార్" అంది పిల్ల బిక్కమొహంతో. "పొద్దుగాల ప్రార్థన అయినకాడ్నుంచి సగమే జెప్పిన. లచ్చవ్వ ముందుకు పోనిస్తలేదు."

రిటైరైన తర్వాత కూడా ఎవరో ఒకరు కాగితాలు పట్టుకుని వస్తూనే ఉన్నారట, చెట్టు పోయినంక టెంటు వేయిస్తున్నారట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడైతే మేడం కాళ్ల దగ్గర కూలబడి ఫోన్ చేతికిచ్చాను. ఆమె తన ఫొటో చూసుకున్నారు. దీపాలు చూశారు. చాలాసేపు పావురం దగ్గర ఆగారు.

"గీ పావురం కశాలా?" అన్నారు. తర్వాత అడిగారు. "ఎవరు జెప్పిండ్రు?"

"మల్లేశం మేడం."

"సముద్రం మల్లేశమా?"

"వాళ్ల బామ్మర్ది జెప్పిండట. గాయన ఇన్నది గాదు మేడం, జూసిండు. బస్సుల కెళ్లి కండ్లతోని జూసిండు."

అందరూ నవ్వుతున్నారు. మేడం మాత్రం నవ్వడం ఆపి, నేను ఎప్పుడూ చూడనంత గంభీరంగా టెంటునీ, కళ్లు తుడుచుకుంటున్న ఆడవాళ్లనీ, రోడ్డునీ మార్చి మార్చి చూశారు.

"జూసిండు. నిజమే. అబద్ధమాడలే" అన్నారు. "మీకు నేనే సగం జెప్పి ఇడిసిపెట్టిన బిడ్డా. జూసుడంటె బస్సుల కూసోని జూసుడు గాదు. దిగాలె. లోపటికి అచ్చి అడగాలె."

లచ్చవ్వ కళ్లు నా జేబు మీద పడ్డాయి. "గా కాగితమేంది?" అంది. దాచలేకపోయాను. సంతాప సభకు రాసిందని చెప్పాల్సి వచ్చింది. ఇంకేం, చుడీదార్ పిల్లను కూర్చోబెట్టి నన్ను నిలబెట్టారు. ఇన్నేళ్ల తర్వాత నాకు రెండో వాకిలి వైవా.

"మన ప్రియతమ మేడం మన మధ్య లేరు" అని చదివాను.

"గీ కుర్చీల కూసున్నదెవలు?" అంది లచ్చవ్వ.

కొట్టేసిన రెండు ముక్కలూ దాటేసి నాలుగోది చదివాను. "మేడం దిద్దుతూ దిద్దుతూ పెన్సిల్ కొప్పులో గుచ్చుకుని మరిచిపోయి, సంచీ అంతా కుమ్మరించి వెతుక్కునేవారు. అది ఎక్కడుందో మాకందరికీ తెలుసు. ఒక్కరమూ చెప్పలేదు."

మేడం చెయ్యి మెల్లగా కొప్పు మీదికి పోయింది. పెన్సిల్ తగిలింది. తీసి దానివైపు చూశారు.

"జూసినవా, ఇన్నవా?"

"జూసిన మేడం. రోజు జూసిన."

"మరెందుకు జెప్పలే?"

"మీరు దేవులాడుకునేటప్పుడు మమ్ముల తిట్టకపోదురు మేడం. జరసేపు ఊపిరి పీల్చుకునేటోళ్లం."

ఆమె ఎంత నవ్వారంటే లచ్చవ్వ లేచి వీపు రుద్దాల్సి వచ్చింది. నవ్వు తగ్గాక నా చేతిలోంచి కాగితం తీసుకున్నారు. నాలుగో వాక్యం పక్కన "జూ" అని రాశారు. మొదటి వాక్యం పక్కన "క" అని రాశారు. మడతపెట్టి నా జేబులో తనే పెట్టారు.

"దాసిపెట్టుకో బిడ్డా. ఒకనాడు పనికస్తది. గప్పుడు గూడ బస్సు దిగి జూసినంకనే సదువు."

నాకు నవ్వొచ్చింది, దానితోపాటే ఏడుపూ వచ్చింది. నా మేడం నా ఎదురుగా ఉన్నారు, చేతిలో పెన్సిల్ ఉంది, ఇంకా నన్ను దిద్దుతున్నారు. ఇంతకంటే నాకేం కావాలి. రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాను. మేడం రోడ్డు వైపు చూసి నా చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"కండ్లు తుడుసుకోకు. పెద్దపల్లి బస్సు అస్తున్నది."